రక్తం తీసిన తేదీ, డెక్సా మొదలైన తేదీ

పర్లాకిమిడిలో జరిగిన తెలుగువారి సమావేశంలో ఒక న్యూరో పాథాలజిస్టు చేసిన ప్రసంగం. ధ్వనిముద్రణ నుంచి రాసుకున్న పాఠం

సభలో ఉన్న పెద్దలకు, ల్యాబుల్లోనూ మందుల షాపుల్లోనూ పనిచేస్తూ ఈ పూట సెలవు పెట్టుకుని వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఇటు కాశీనగర్, గుణుపురం నుంచి అటు రాయగడ, జయపురం దాకా, తలలో గడ్డ ఉందని తేలినవారి బంధువులు తరచుగా నా దగ్గరకు కాగితాలు పట్టుకుని వస్తుంటారు. నేను గడ్డ తీసే డాక్టర్ని కాను. తీసిన ముక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి, ఇది ఫలానా అని పేరు రాసి పంపేవాణ్ని. అయినా మనవాడు, తెలుగులో విడమరిచి చెబుతాడన్న ధైర్యంతో వస్తారు. ఒడియాలో రాసిన చీటీ, ఇంగ్లీషులో ఉన్న స్కానింగ్ రిపోర్టు, విశాఖపట్నంలో ఇచ్చిన మందుల కాగితం, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. వారు అడిగేది మాత్రం ఒకే ప్రశ్న: "ఇది మళ్లీ పెరుగుతుందా బాబూ? పెరిగితే ఎంత తొందరగా?"

ఈ ప్రశ్నకు గడ్డను చూసి జవాబు చెప్పే పద్ధతులు కొన్ని ఉన్నాయి. గడ్డను మాత్రమే కాక, ఆ గడ్డకు మన ఒంట్లోని రోగనిరోధక శక్తి ఎలా ఎదురు నిలిచిందో, లేదా ఎలా లొంగిపోయిందో చూసి జవాబు చెప్పాలన్న ప్రయత్నం ఈ ఇరవై ఏళ్లలో బాగా పెరిగింది. అలా కొలిచి చూసే గుర్తులనే ఇమ్యూన్ బయోమార్కర్లు అంటున్నారు. దీనికి ఒక సంస్కృత సమాసం కట్టడం పెద్ద పని కాదు. కానీ గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో నిలబడి, వినేవారికి తెలియని మాటను వారి మీద రుద్దడానికి నాకు ధైర్యం చాలదు. బయోమార్కర్ అనే అంటాను.

ముందుగా, ఇప్పటికే నమ్మకంగా నిలబడిన గుర్తులను చెప్పి దాటుతాను. మెదడులో పుట్టే గడ్డల్లో గ్లయోమాలు ముఖ్యమైనవి. వాటిలో ఐడీహెచ్ అనే జన్యువు మారిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఈ మార్పు గ్లయోమాల్లో ఉందని 2008లో బయటపడింది. మార్పు ఉన్నవారి గడ్డ సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది, లేనివారిది తొందరపడుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణను సవరించినప్పుడు, ఐడీహెచ్ మార్పు ఉంటే దాన్ని ఇక గ్లయోబ్లాస్టోమా అని, అంటే గ్లయోమాల్లో అన్నిటికంటే ముదురు రకం పేరుతో, పిలవకూడదన్నంత దూరం వెళ్లింది. రెండోది ఎంజీఎంటీ. ఆ జన్యువు నోరు మూతబడి ఉంటే టెమోజొలమైడ్ అనే క్యాన్సర్ మాత్ర బాగా పనిచేస్తుంది. 2005లో వెలువడిన ఫలితాల్లో, రేడియేషన్‌తో పాటు ఆ మాత్ర వాడినవారిలో జన్యువు మూతబడినవారి మధ్యస్థ జీవితకాలం 21.7 నెలలు, మూతబడనివారిది 12.7 నెలలు. అంటే ఒకే జబ్బు, ఒకే మందు, అయినా ఒక్క గుర్తు మారితే ఇంత తేడా. కొత్తగా వచ్చే ఏ బయోమార్కర్ అయినా ఈ రెండింటి పక్కన నిలబడి, ఇవి చెప్పనిది తాను ఏం చెబుతోందో చూపించాలి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు అసలు విషయం. మెదడుకు రోగనిరోధక శక్తితో పొత్తు లేదని చాలాకాలం అనుకున్నారు. 1948లో పీటర్ మెడవార్ కుందేళ్ల మెదడులో పరాయి చర్మపు ముక్కలు నాటి, శరీరం ఇతర చోట్ల అలాంటి ముక్కలను తరిమినట్టు అక్కడ వాటంతట అవి తరమబడవని చూపించారు. దాని మీద మెదడు ఒక గేటు వేసుకున్న ఇల్లు అన్న అభిప్రాయం గట్టిపడింది. గేటు ఉన్నమాట నిజమే, తాళం వేసి లేదు. మెదడు పొరల్లో రోగనిరోధక కణాలు నడిచే లింఫు నాళాలు ఉన్నాయని 2015లో రెండు పరిశోధక బృందాలు చూపించాక, లోపలి వార్త మెడలోని లింఫు గ్రంథుల దాకా చేరుతుందన్న మాటకు బలం వచ్చింది.

ఇంటి లోపల కాపలాదారులు కూడా ఉన్నారు. వారి పేరు మైక్రోగ్లియా. స్పెయిన్ దేశపు రియో ఒర్తేగా 1919లో వాటిని వేరుగా గుర్తించి వర్ణించారు. గ్లయోబ్లాస్టోమా పెరిగేటప్పుడు ఈ మైక్రోగ్లియాతో పాటు, రక్తంలోంచి వచ్చే మాక్రోఫేజులు, అంటే చెత్తను మింగే కణాలు, కూడా గడ్డలోకి చేరతాయి. కొన్ని గడ్డల్లో మూడో వంతు నుంచి సగం దాకా కణాలు ఇవే. గడ్డ అంటే క్యాన్సర్ కణాల ముద్ద అని మనం అనుకుంటాం. అందులో సగం దాకా మన సొంత సిపాయిలే కావచ్చు. వచ్చినవారు పోరాడితే బాగుండేది. గడ్డ విడిచే రసాయనాలు వారి స్వభావాన్ని మారుస్తాయి, వారు దానికి కొత్త రక్తనాళాలు వేసుకోవడంలోనూ, ఇతర సైనికులను అణచడంలోనూ సాయపడతారు. కంచే చేను మేయడం అంటే ఇదే.

నా బల్ల మీద ఇది ఎలా కనిపిస్తుందో చెబుతాను. మామూలు నీలం, గులాబీ రంగులు వేసిన స్లైడులో గ్లయోబ్లాస్టోమా మధ్యన చచ్చిన కణజాలం లేత గులాబీ రంగు మడుగులా ఉంటుంది, దాని అంచున కణాలు దడి కట్టినట్టు వరుసగా నిలబడి ఉంటాయి. అదే ముక్క పక్క పొరకు సీడీ163 అనే ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీతో రంగు వేస్తే, అప్పటిదాకా గుంపులో కలిసిపోయిన మాక్రోఫేజులు గోధుమరంగులో ఒక్కొక్కటిగా బయటపడతాయి. రక్తనాళాల చుట్టూ, మడుగు అంచుల్లో, ముసురు పట్టిన రోజున దీపం చుట్టూ మూగిన ఉసిళ్లలా కిక్కిరిసి ఉంటాయి. అదే పలకలో టీ లింఫోసైట్లు, అంటే నిజంగా గడ్డను చంపగలిగినవి, వెతికితే అక్కడొకటి ఇక్కడొకటి దొరుకుతాయి. సీడీ163 ఎక్కువగా ఉన్న గడ్డలు తొందరగా ముదురుతాయని అనేక అధ్యయనాలు సూచించాయి. అయితే ఒకే గడ్డలో అర సెంటీమీటరు పక్కకు జరిగితే ఆ సాంద్రత మారిపోతుంది. సర్జన్ ఏ మూల నుంచి ముక్క తీశారన్న దాని మీద నా లెక్క ఆధారపడి ఉంటుందంటే, ఆ లెక్కను ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో మీరే ఆలోచించండి.

టీ లింఫోసైట్లు ఎక్కడికి పోయాయి? 2018లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు దీనికి ఒక జవాబు చూపించారు. గ్లయోబ్లాస్టోమా ఉన్నవారిలో ఇవి ఎముక మజ్జలో చిక్కుబడి ఉండిపోతున్నాయి. వాటిని రక్తంలోకి బయలుదేరదీసే ఎస్1పీ1 అనే గ్రాహకం కణం పైపొర మీద నుంచి లోపలికి జారిపోవడమే అందుకు కారణం. గడ్డ తలలో, ఖైదు ఎముకలో.

ఈ సంగతులన్నీ రక్తపరీక్షలో కూడా నీడలాగా కనిపిస్తాయి కాబట్టే, అందరికీ అందుబాటులో ఉన్న ఒక బయోమార్కర్ పుట్టింది. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన సరిహద్దు జిల్లాల్లో నిజంగా చేతికి అందేది ఇదే, నిజంగా దారి తప్పించేదీ ఇదే. రక్తకణాలను లెక్కపెట్టే మామూలు సీబీసీ రిపోర్టులో, తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ ఎంత శాతం, లింఫోసైట్లు ఎంత శాతం అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇది ఎక్కువగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. ఆపరేషనుకు ముందు ఇది 4 దాటిన గ్లయోబ్లాస్టోమా రోగులు సగటున తక్కువ కాలం బతికారని చాలా అధ్యయనాలు చెప్పాయి. పరీక్ష చవక, ఏ చిన్న ల్యాబులోనైనా అవుతుంది, లెక్క ఐదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. ఇంతకంటే ఏం కావాలి?

కొన్నేళ్ల కిందట గుణుపురం వైపు నుంచి ఒక పెద్దాయన తమ్ముడి కాగితాలు తెచ్చారు. సీబీసీలో న్యూట్రోఫిల్స్ 86 శాతం, లింఫోసైట్లు 9 శాతం. నిష్పత్తి తొమ్మిదిన్నర. అప్పట్లో ఈ నిష్పత్తి మీద కొత్తగా చదివి ఉన్నానేమో, నాకు తెలియకుండానే ముఖం మారింది. "కొంచెం గట్టిదే అయి ఉంటుంది, సిద్ధంగా ఉండండి" అన్నాను. ఆయన ఏమీ అనకుండా కాగితాలు సర్దుకుంటుండగా కవరు అడుగున మందుల షాపు బిల్లు ఒకటి కనిపించింది. వాపు తగ్గించే డెక్సామెథసోన్ (డెక్సా అంటాం) ఇంజెక్షన్లు, 4 మిల్లీగ్రాములవి, రోజుకు మూడేసి చొప్పున. ఆ బిల్లు తేదీ రక్తం తీసిన తేదీకి మూడు రోజుల ముందుది. ఇంకా వెతికితే మొదట తలనొప్పి అని వెళ్లినప్పుడు తీసిన పాత సీబీసీ దొరికింది: 64, 28. నిష్పత్తి రెండుకు కొంచెం పైన. నేను చదివింది గడ్డ స్వభావాన్ని కాదు, మూడు రోజుల డెక్సాని. చెప్పిన మాట వెనక్కి తీసుకున్నాను. ఆయన మర్యాదగా తల ఊపారు; కానీ ఒకసారి చెవిన పడ్డ మాటను వెనక్కి తీసుకోవడం అన్నది డాక్టర్ల వైపు నుంచి మాత్రమే జరిగే పని.

డెక్సా ఇవ్వడం తప్పు కాదు. గడ్డ చుట్టూ వాపు ఉంటే అది ప్రాణం నిలబెడుతుంది. అయితే ఆ మందు పడిన కొన్ని గంటల్లోనే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ విడివడి రక్తంలో కలుస్తాయి, లింఫోసైట్లు తగ్గుతాయి. నిష్పత్తి రెండు వైపుల నుంచీ పెరుగుతుంది. పైగా వాపు ఎక్కువ ఉన్నవారికే డెక్సా ఎక్కువ ఇస్తారు కాబట్టి, నిష్పత్తికీ ఆయుష్షుకూ ఉన్న సంబంధంలో ఎంత భాగం గడ్డది, ఎంత భాగం మందుది అన్న చిక్కును పాత అధ్యయనాల్లో చాలా మటుకు విప్పలేకపోయారు. డెక్సా ఒక్కటే కాదు. ఫిట్స్ వచ్చి క్యాజువాలిటీకి తెచ్చినప్పుడు తీసిన రక్తంలో, ఆ ఫిట్స్ వల్లనే తెల్లకణాలు తాత్కాలికంగా పెరిగి ఉండవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. మలేరియా జ్వరంలో లింఫోసైట్లు తగ్గుతాయి. కొండ ప్రాంతంలో తిరిగి వచ్చినవారి విషయంలో ఇది మనకు చిన్న సంగతి కాదు. ఊరి పేరు తెలియని పెద్ద ఆసుపత్రి కంప్యూటరుకు ఇవేవీ కనిపించవు, అంకె ఒక్కటే కనిపిస్తుంది.

డెక్సా నా బల్ల మీద చేసే మరో అన్యాయం కూడా చెప్పాలి. మెదడులో లింఫోమా అనే గడ్డ పుడుతుంది, అది లింఫోసైట్ల క్యాన్సర్. బయాప్సీకి ముందే డెక్సా పడితే ఈ గడ్డ మంచులా కరిగిపోతుంది. ఇంట్లోవారు సంతోషిస్తారు. తరువాత తీసిన ముక్కలో నాకు దొరికేది మాక్రోఫేజులు, చచ్చిన కణాలు మాత్రమే. పేరు పెట్టలేక "నిర్ధారణ సాధ్యం కాలేదు" అని రాయవలసి వస్తుంది. కొన్ని వారాల తరువాత గడ్డ తిరిగి వస్తుంది. అందువల్ల స్కానింగులో లింఫోమా అనుమానం ఉన్నప్పుడు, రోగి పరిస్థితి ఓర్చుకోగలిగితే, ముక్క తీసేదాకా డెక్సా ఆపి ఉంచుతారు. ఇంకొకటి: మన దగ్గర ఫిట్స్‌తో వచ్చి, స్కానింగులో ఉంగరంలా మెరిసే ప్రతి మచ్చా గడ్డ కాదు. క్షయ గడ్డ కావచ్చు, బద్దెపురుగు పిల్ల మెదడులో గూడు కట్టిన న్యూరోసిస్టిసర్కోసిస్ కావచ్చు. జబ్బు పేరు తేలకుండా జోస్యం చెప్పే బయోమార్కర్ లేదు.

రక్తంలోని లింఫోసైట్ల గురించి నాకు బాగా నమ్మకం కలిగించిన అధ్యయనం ఒకటి ఉంది. అది 2011లో అమెరికాలో వెలువడింది. రేడియేషన్, టెమోజొలమైడ్ రెండూ మొదలుపెట్టిన 96 మంది రోగుల సీడీ4 లింఫోసైట్లను, అంటే టీ లింఫోసైట్లలో ఒక రకాన్ని, నెలనెలా లెక్కించారు. రెండు నెలలకు 40 శాతం మందిలో అవి ఘన మిల్లీమీటరు రక్తానికి 200 కంటే తక్కువకు పడిపోయాయి. అలా పడిపోయినవారి మధ్యస్థ జీవితకాలం 13.1 నెలలు, పడిపోనివారిది 19.7 నెలలు. తక్కువ కాలం బతికినవారిలో మరణానికి ప్రధాన కారణం ఇన్ఫెక్షన్లు కాదు, గడ్డ తొందరగా పెరగడమే. ఈ అధ్యయనం నాకు నచ్చడానికి కారణం, ఒకే మనిషిని ఒకే రకం చికిత్సలో తేదీల ప్రకారం వెంబడించడం. ఒక్క ఫొటో తీసి మనిషి నడకను చెప్పలేం కదా.

ఇక పత్రికల్లో ఎక్కువగా వినిపించే పీడీ-ఎల్1 గురించి. రోగనిరోధక కణాలకు బ్రేకు వేసే మీట ఇది. ఇలాంటి బ్రేకులను విడిపించే చికిత్సకు దారి చూపినందుకే 2018లో జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్లో, చర్మపు మెలనోమాలో అది ఎందరినో నిలబెట్టింది. మెదడు గడ్డల్లో అదే ఆశతో తిరిగి వచ్చిన గ్లయోబ్లాస్టోమా ఉన్న 369 మంది మీద ఈ బ్రేకు విడిపించే నివోలుమాబ్ మందును, అప్పటికే వాడుకలో ఉన్న బెవాసిజుమాబ్ అనే మరో మందుతో పోల్చి చూశారు. మధ్యస్థ జీవితకాలం ఒకవైపు 9.8 నెలలు, మరోవైపు 10 నెలలు. తేడా లేదు. టీ లింఫోసైట్లే లేని చోట బ్రేకు తీస్తే కదిలే బండి ఏది? కాబట్టి గ్లయోమా రిపోర్టులో పీడీ-ఎల్1 ఇంత శాతం అని ఉంటే, దాని ఆధారంగా లక్షల రూపాయల ఇంజెక్షన్ కోసం పొలం అమ్మే ముందు, ఈ గడ్డలో అది పనిచేస్తుందన్న రుజువు ఏముందని ఆంకాలజిస్టును తప్పక అడగండి. అడగడం అమర్యాద కాదు.

జన్యు స్కోర్ల మీద వచ్చే వ్యాసాలకు లెక్కే లేదు, వానాకాలపు పుట్టగొడుగులు. వాటి తయారీ పద్ధతి దాదాపు ఒకటే. అమెరికాలో టీసీజీఏ అనే పథకం, చైనాలో సీజీజీఏ అనే మరో పథకం వందల గ్లయోమాల జన్యు వివరాలను అందరికీ అందుబాటులో పెట్టాయి. రోగనిరోధక శక్తికి సంబంధించిన జన్యువులను ఏరి, కంప్యూటరుతో వడపోసి, ఐదో పదో మిగుల్చుతారు. వాటితో ప్రతి రోగికీ ఒక స్కోరు కడతారు. ఎక్కువ స్కోరువారు, తక్కువ స్కోరువారు అని విడదీస్తే, ఎవరు ఎంతకాలం బతికారో చూపే రెండు గీతలు చక్కగా దూరం జరుగుతాయి. ఇక్కడ నా అభ్యంతరం ఒకటుంది. చాలా వ్యాసాల్లో నెమ్మదిగా నడిచే ఐడీహెచ్ మార్పు గడ్డలనూ, గ్లయోబ్లాస్టోమాలనూ ఒకే సంచిలో పోస్తారు. ఐడీహెచ్ మారిన గడ్డ ఒక ప్రత్యేకమైన ఆమ్లాన్ని తయారుచేస్తుంది, అది టీ లింఫోసైట్లను అణచివేస్తుంది. అలాంటి గడ్డల్లో రోగనిరోధక కణాలు మొదటి నుంచీ తక్కువే. అలాంటప్పుడు రోగనిరోధక స్కోరు తక్కువగా ఉందంటే ఐడీహెచ్ మారిందని మరో మాటలో చెప్పినట్టే. బడిలోని అన్ని తరగతుల పిల్లలనూ ఒకే వరుసలో నిలబెట్టి, చెప్పుల సైజు పెద్దదైన వారికి లెక్కలు బాగా వస్తాయని కనిపెట్టడం లాంటిది ఇది. ఒక్క ఐడీహెచ్ రంగు పరీక్ష చెప్పే సంగతిని ఇరవై జన్యువుల ఖర్చుతో చెప్పించుకోవడం ఎందుకు? గ్లయోబ్లాస్టోమాలను మాత్రమే విడిగా తీసుకుని, వయసు, ఎంజీఎంటీ, డెక్సా మోతాదు లెక్కలో పెట్టిన తరువాత కూడా గీతలు దూరంగానే ఉంటే, ఆ స్కోరుకు నేను లేచి నమస్కారం పెడతాను. అలాంటివి అరుదు.

గడ్డ పెరిగిందని చెప్పడమే ఒక్కోసారి కష్టం, అది కూడా రోగనిరోధక శక్తి వల్లనే. కరెంటు పెట్టించిన, అంటే రేడియేషన్ ఇచ్చిన తరువాత మొదటి మూడు నెలల్లో తీసిన ఎంఆర్ఐలో మెరుపు పెద్దదైతే అది నిజంగా పెరుగుదలే కావచ్చు. చికిత్సకు కణజాలం వాచి అలా కనిపించడమూ కావచ్చు. రెండోదాన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు. ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నవారిలో, మనిషి పరిస్థితి దిగజారనంత వరకు, మొదటి ఆరు నెలల్లో ఒక్క స్కానింగు చూసి మందు ఆపవద్దని, మూడు నెలల తరువాత మరోసారి తీసి పోల్చమని 2015లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. "స్కానింగులో పెరిగిందన్నారు, మందు పనిచేయలేదు" అని బరంపురం నుంచో విశాఖ నుంచో మధ్యలోనే తిరిగి వచ్చేసినవారిని నేను చూశాను. కరెంటు ఎప్పుడు పూర్తయిందో ఆ తేదీ కూడా ఫైలులో ఉండాలి.

వెనుక వరుసలోని ల్యాబు మిత్రుడు ఒక చీటీ పంపారు. ఖరీదైన యంత్రాలు లేని చోట తాము చేయగలిగింది ఏమిటని అడిగారు. చేయగలిగింది చాలా ఉంది. సీబీసీ రిపోర్టు పైన ఒక ఖాళీ మూల ఉంటుంది. రక్తం తీసే ముందు రోగిని గానీ తోడు వచ్చినవారిని గానీ, "వాపు తగ్గే ఇంజెక్షన్ గానీ మాత్ర గానీ మొదలుపెట్టారా, ఎప్పుడు, రోజుకు ఎన్ని" అని అడిగి ఆ మూలలో రాయండి. డెక్సా అన్న పేరు వారికి తెలియకపోవచ్చు, మందుల రేకు చూపించమనండి. జ్వరం ఉందా, ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, ఇవి కూడా రాయండి. మొత్తం రెండు పంక్తులు. ఆ రెండు పంక్తులు ఉన్న సీబీసీ నాకు, అవి లేని పదివేల రూపాయల పరీక్ష కంటే ఎక్కువ చెబుతుంది.

మరో అన్నగారు, గడ్డ తీసిన ముక్క మాకు ఇస్తారా అని అడుగుతున్నారు. మైనంలో అమర్చిన చిన్న దిమ్మ ఉంటుంది, బ్లాకు అంటాం, బొటనవేలి పైకణుపు అంత. ఐడీహెచ్, ఎంజీఎంటీ, రేపు వచ్చే మరో పరీక్ష, అన్నీ దాని మీదనే చేయాలి. మరో ఆసుపత్రిలో చూపించడానికి కావాలని రాసి అడగండి, సంతకం పెట్టి తీసుకోండి, స్లైడులు కూడా అడగండి. బ్లాకు మామూలు గది వాతావరణంలో ఏళ్ల తరబడి ఉంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త చాలు: వేసవిలో బండి డిక్కీలో పెట్టి ఎండలో వదలకండి. ఆ మైనం 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. చేతిసంచిలో, దూది చుట్టి, నిలబెట్టి తెచ్చుకోండి.